కల్యాణ విప్లవమునకు కారణమేమి?



పన్నెండవ శతాబ్దియందు కల్యాణ నగరమున బసవేశ్వరుడు, అల్లమప్రభువు మొదలగు శరణులు నడిపిన ధర్మవిప్లవమునకు పండితులు పలు కారణములు చెప్పియున్నారు. వానిని గ్రుడ్డిగా నమ్మరాదు, చదువకయే త్రోసివేయనురాదు. తూచి చూచుటకు రెండు ప్రశ్నలు చాలును. ఆ కారణము ఇతర స్థలములందును ఉండగా అచ్చట ఇట్టి విప్లవమేల రాలేదు? శరణుల ఆచరణకు అది పొసగునా?

మొదటిది రాజకీయ కారణము. 1157 ప్రాంతమున కలచురి బిజ్జలుడు చాళుక్యుల అధికారమును హరించెను. ఆ కల్లోలమే క్రొత్త ధర్మమునకు త్రోవ తీసెనందురు. కాని రాజ్యాపహరణములు దక్షిణదేశమున అనేకములు జరిగినవి. పైగా నేతపనిచే జీవించిన జేడర దాసిమయ్య బసవన్నకు పూర్వుడే.

రెండవది ఆర్థిక కారణము. ఆనాడు వర్తకము, చేతిపనులు వృద్ధిచెందెను. చాకలి మాచయ్య, మేదర కేతయ్య, పడవవాడు చౌడయ్య శరణులలో ఏల చేరిరో ఈ వాదము కొంత తెలుపును. అయితే ఆ కాలపు అయ్యావళి వర్తక సంఘమువారు శివాలయములకును, జైన బసదులకును దానములిచ్చిరి. ధనము ఏ మతమునైనను పోషించును. పనియే పూజయని అది బోధింపదు.

మూడవది జైనులతోడి స్పర్ధ. మన చిప్పగిరి కొండమీది జైనాలయమును చూచినవారికి ఈ సీమలో ఆ మతమునకుండిన స్థానము తెలియును. ఏకాంతద రామయ్య జైనులతో తలపడిన వృత్తాంతమును అబ్బలూరు శాసనము చెప్పుచున్నది. కాని స్పర్ధ ప్రతిపక్షమును చూపునే గాని, స్త్రీలకు అనుభవ మంటపమున ఆసనమేల లభించెనో చెప్పజాలదు.

నాల్గవది కాలాముఖ శైవుల వారసత్వము. 1972లో డేవిడ్ లోరెంజెన్ తన గ్రంథమున ఈ సంబంధమును చర్చించెను. సంబంధము విచారింపదగినదే. అయినను కాలాముఖుల మఠములు దేవాలయములను, భూదానములను ఆశ్రయించినవి. శరణులు దేహమునే దేవాలయముగా భావించి లింగమును అరచేత ధరించిరి.

కావున ఇవన్నియు పొలము వంటివి, విత్తనము వంటివి కావు. నేతగాండ్ర కష్టములు అనేక గ్రామములందుండినను, ఎమ్మిగనూరున 1938లో సహకార సంఘము వెలయుటకు మాచాని సోమప్ప పూనిక కావలసివచ్చెను గదా! అట్లని "అంతయు శివసంకల్పమే" యని ఊరకుండుటయు చాలదు. పొలమును విడిచి విత్తనము మొలకెత్తదు.

ఇక అన్ని వాదములను పరీక్షించు ఘట్టమొకటి కలదు. చర్మకారుడైన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ కులజుడైన మధువరసు కుమార్తెకు శరణులు వివాహము జరిపిరనియు, అందుకు తండ్రులిరువురును ఘోర దండనకు పాత్రులైరనియు మన సంప్రదాయము చెప్పుచున్నది. బసవన్న మంత్రిపదవిని వదలి కూడలసంగమమునకు మరలెను, శరణులు చెల్లాచెదరైరి. లాభమే కారణమని చెప్పు ఏ సిద్ధాంతమైనను ఈ నష్టమును వివరింపగలదా? తాము నమ్మిన సమత్వమును ఇంటి గడప దాటించి లోనికి తెచ్చుటయే అచ్చటి విశేషము.

ఈ పాఠము మనకును పరీక్షయే. వివాహ సంబంధము చూచునపుడు ఉపశాఖను ముందడిగి, ఆచారమును తరువాత అడుగు గృహములు మనలో లేవా? కల్యాణమున విప్లవమేల వచ్చెనని పండితులను అడుగుదము. మన యింట అదేల ఆగెనని మనలను మనమే అడుగుకొందము.