చేసుకున్న గాయమైనా గాయమే

శ్రావణ మాసం వచ్చిందంటే ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి మా పడమటి కర్నూలు పల్లెల నుంచీ, కర్ణాటక నుంచీ జనం తండోపతండాలుగా వస్తారు. కాలినడకన వచ్చేవాళ్లూ ఉంటారు. అరికాళ్లు బొబ్బలెక్కిన మనిషి దారిలో ఏ అరుగు మీదనో కూలబడితే, "ఎందుకు నడిచినావప్పా?" అని ఎవరూ నిలదీయరు. చెంబెడు నీళ్లు తెచ్చి కాళ్లు కడుగుతారు. అడిగేదేమైనా ఉంటే తరువాతనే.

కాని మనసులోని బాధ పట్టలేక తన ఒంటిని తానే గాయపరచుకున్న విద్యార్థికి మనం ముందుగా ఇచ్చేది నీళ్లు కాదు, ప్రశ్న. "సిగ్గులేదా?", "అమ్మానాయన గుర్తుకు రాలేదా?" అంటాము. అందుకే అతడు చొక్కా చేతులు కిందికి లాక్కుంటాడు. ఆమె చున్నీ కప్పుకుంటుంది. దాచిన గాయానికి కడుగుడు లేదు, కట్టు లేదు. చిన్నది కాస్తా చీము పట్టి పెద్దదవుతుంది. నేను డాక్టరును కాను. జాతీయ సేవా పథకం శిబిరాల్లో ప్రథమ చికిత్స నేర్చుకున్న విద్యార్థిని. నేర్చుకున్నంతలో, హాస్టలు గదిలో ఎవరికైనా పనికివచ్చే నాలుగు విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

రక్తం ఆపడం, కడగడం

ముందు సబ్బుతో మీ చేతులు కడుక్కోండి. శుభ్రమైన గుడ్డను గాయంపై పెట్టి గట్టిగా అదమండి. చేతికైతే చేతిని గుండెకంటే ఎత్తులో ఉంచండి. పది నిమిషాలు అట్లాగే పట్టుకోవాలి. ఆగిందా లేదా అని మధ్యమధ్య ఎత్తి చూస్తే అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది.

రక్తం ఆగిన తరువాత ధారగా పడే నీళ్లకింద గాయాన్ని కడగాలి. తాగడానికి పనికివచ్చే కుళాయి నీరు చాలు. సబ్బు చుట్టూ ఉన్న చర్మానికే గాని గాయం లోపలికి వద్దు. స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడు, నీళ్లు కలపని డెటాలు పోస్తే మంట పుడుతుంది. "మంట పుడితేనే మందు పనిచేసినట్టు" అని మన పెద్దల నమ్మకం. క్రిముల్ని చంపే మందు చర్మాన్ని కొత్తగా అల్లే కణాలను కూడా దెబ్బతీస్తుందన్నది శాస్త్రం చెప్పే మాట. పసుపు, కాఫీపొడి, సున్నం, బూడిద, గాయపాకు పసరు — వీటన్నిటితోపాటు మట్టీ క్రిములూ లోపలికి పోతాయి. పైగా, గాయం ఎంత లోతున్నదో డాక్టరుకు కనబడకుండా పోతుంది.

కాలినగాయమైతే ఉంగరాలు, గాజులు వెంటనే తీసి, ఇరవై నిమిషాలపాటు మామూలు చల్లని నీటిధార కింద ఉంచాలి. ఐసుముక్క, సిరా, టూత్‌పేస్టు పెట్టరాదు. బొబ్బలు చిదపరాదు.

కప్పడం

"గాలి తగలనీ, ఎండిపోనీ" అనేది మరొక నమ్మకం. 1962లో జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల చర్మంపై ప్రయోగాలు చేసి దీన్ని తారుమారు చేశాడు. గాలికి ఎండిన గాయాలకన్నా, తడి ఆరకుండా కప్పిన గాయాలపై కొత్తచర్మం సుమారు రెట్టింపు వేగంగా పరచుకున్నది. కారణం తేలికే. కొత్తకణాలు గాయం అంచు నుంచి పాకుతూ రావాలి, తడినేల మీద అవి సులువుగా పాకుతాయి. పైన గట్టి పెచ్చు ఉంటే దాని కింద దూరి రావాలి. కనుక మెత్తగా అద్ది తుడిచి, పలుచగా వ్యాసలైను రాసి, అంటుకోని గాజుగుడ్డతో కప్పండి. రోజుకొకసారి, తడిసినా మాసినా వెంటనే కట్టు మార్చండి. మానిన మచ్చ వెలిసిపోవడానికి ఏడాదీ, అంతకుమించీ పట్టవచ్చును. అంతవరకు ఎండ తగలనీయకండి.

ఆసుపత్రికి ఎప్పుడు?

పది పదిహేను నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోయినా, చిమ్ముతున్నా, గాయం అంచులు విడిపోయి లోతుగా కనబడినా, వేలు కదలకపోయినా, తిమ్మిరెక్కినా ఆలస్యం చేయరాదు. తరువాతి రోజుల్లో ఎరుపు పాకడం, వేడి, చీము, జ్వరం కనిపించినా అంతే. మాత్రలుగాని, పురుగుమందుగాని మింగినట్లయితే మనిషి బాగానే ఉన్నట్టు కనబడినా 108కి ఫోను చేయాలి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

"పోలీసు కేసవుతుందేమో" అనే భయంతో ఆగిపోయేవారు చాలామంది. పాత శిక్షాస్మృతి 309వ సెక్షను ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరమన్నది, ఏడాదిదాకా జైలు అన్నది. 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలనీ, శిక్షించరాదనీ చెప్పింది. చికిత్స, సంరక్షణ చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదన్నది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఆ పాత సెక్షనును అట్లాగే ఉంచలేదు. ప్రభుత్వోద్యోగి విధిని అడ్డుకోవడానికో, బలవంతపెట్టడానికో చేసే ప్రయత్నానికి మాత్రమే శిక్ష మిగిల్చింది. డాక్టరు దగ్గర నిజం చెప్పడానికి భయపడనవసరం లేదు.

గాయం వెనక ఉన్నది

తన్ను తాను గాయపరచుకునే వారందరూ చావాలనుకునేవారు కారు. మాటల్లోకి రాని బాధ కాసేపు తగ్గుతుందని చేసేవారే చాలామంది. అట్లాగని తేలికగా తీసుకోరాదు. ఇట్లాంటివారికి మున్ముందు ప్రాణాపాయం మిగతావారికన్నా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం ఏటా 7 లక్షలకు పైగా ప్రజలు ఆత్మహత్యతో పోతున్నారు. 15–29 ఏళ్ల వయసువారి మరణకారణాల్లో అది మూడవది. మన తరగతి గదుల్లో కూర్చున్న వయసే గదా అది!

కనుక మిత్రులు "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని సూటిగానే అడగవచ్చును. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. లోపల ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. హాని చేయగల వస్తువులను దూరంగా పెట్టండి. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయకండి. నమ్మదగిన లెక్చరరుకో, వార్డెనుకో, ఇంట్లో పెద్దలకో చెప్పితీరాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఉన్నది. 14416కి రాత్రింబగళ్లు, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చును.

గాయపడిన మిత్రమా, నీతో కూడా ఒక మాట. చేసుకున్నది నీవే అయినా ఆ చర్మానికి ఆ సంగతి తెలియదు. పొలంలో తెగిన కాలును మాన్పినట్టే దాన్నీ మాన్పుకుంటుంది. దానికి నీళ్లూ కట్టూ ఇవ్వు. మనసుకు వినే మనిషిని ఒక్కరిని ఇవ్వు. ఏమని మొదలుపెట్టాలో తెలియకపోతే, "నా చెయ్యి కొంచెం కట్టు కడతావా?" అన్నా చాలును. విన్నవారెవరైనా సరే, ముందు నీళ్లు తెండి.