నీటిరంగు అంచున ఆ గీత ఎందుకు?

నీటిరంగులతో బొమ్మలు వేయడం కొత్తగా మొదలు పెట్టారా? అయితే ఈ చిక్కు మీకు ఎదురయ్యే ఉంటుంది. ఆకాశానికి లేత నీలం సమంగానే పూస్తారు. ఆరాక చూస్తే చుట్టూ ముదురు గీత! బొమ్మంతా పాడయిందని కాగితం చింపేయకండి. తప్పు మీ చేతిది కాదు.

రంగుబిళ్లలో ముఖ్యంగా ఉండేవి మెత్తని రంగుపొడి, దాన్ని కాగితానికి అంటించే తుమ్మజాతి చెట్టు జిగురు. చాలా రంగుల పొడి నీటిలో కరగదు. సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. తడి మచ్చ అంచు కాగితాన్ని పట్టుకుని కదలదు. అక్కడ నీరు పలచన, త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచుకు పారుతూ రేణువుల్ని మోసుకుపోతుంది. ఒలికిన కాఫీ చుక్క ఆరినా ఇంతే. ఇంత మామూలు సంగతికి శాస్త్రజ్ఞులు సరైన వివరణ ఇచ్చింది 1997లో!

ఆకాశం వేసే ముందు కాగితాన్ని మంచినీటితో తడపండి. ఆ తడిమీదే రంగు పూస్తే, అది పరుచుకుని మెల్లగా లేతబడుతుంది, గీత పడదు. మబ్బులకు తెల్లరంగు అక్కరలేదు, కాగితాన్ని అలాగే వదిలేయండి. సగం ఆరిన చోట మాత్రం నీటి కుంచె పెట్టారో, కాలీఫ్లవర్ లాంటి మరక ఖాయం.

ఆకులు, పూరేకులు వేసేటప్పుడు అదే గీత అందం. వాటికి పొడి కాగితమే వాడండి.