పొట్టి కామయు వంగిన నడుమును



మన పాఠశాల తోటలో జరిగిన యొక చిన్న సంగతితో ఈ పాఠము నారంభించెదను. అందు తప్పు నాది. దానిని దాచిన యెడల పాఠము సగమే యగును.

ఒకనాటి సాయంకాలము తొమ్మిదవ తరగతి బాలురు దోకుడుపారలతో వంగమళ్లలోని కలుపు తీయుచుండిరి. వారిలో నొకడు మాటిమాటికి లేచి నిలిచి, నడుముపై చేతులుంచుకొనుచుండెను. నేను గట్టుమీద నీడను నిలిచి చూచుచు, వానిని సోమరివని యందరి యెదుట మందలించితిని. వాడు మారుపలుకక మరల వంగెను. మరునాడు వేకువను నేనే యా పారను తీసికొని యొక మడిలో కూర్చుండియు, వంగియు కలుపు తీయ మొదలిడితిని. పావుగంట గడచుసరికి నా నడుము పట్టుకొనెను. నేనును లేచి నిలిచి నడుముపై చేతులుంచుకొంటిని! అప్పుడు పారను పరీక్షింపగా, దాని కామ జానెడు మాత్రమే యుండెను. ఎంతటి చురుకైనవాడైనను దానితో నిలిచి పనిచేయజాలడు. లోపము బాలునియందు గాక పనిముట్టునందున్నదని నాకు తెలిసెను. ఆ దినముననే తరగతిలో నందరి యెదుట నా తప్పు నొప్పుకొంటిని. తరువాత వడ్రంగిచే పారలకు పొడవైన వెదురు కామలు వేయించితిమి.

నడుము ఏల నొచ్చును?

ఒక పెద్ద నిఘంటువును రొమ్మునకు చేర్చి పట్టుకొనుడు. పిదప దానినే చేతులు చాచి పట్టుకొనుడు. పుస్తకము బరువు పెరుగలేదు. అయినను చేతులు వెంటనే వణకును. తులాదండమును గూర్చి మీరు చదివిన సూత్రమే యిచ్చట పనిచేయుచున్నది. బరువు ఆధారమునకు ఎంత దూరమైన, దానిని నిలుపుటకు అంత యెక్కువ బలము కావలయును.

మన నడుము సైతము తులాదండమే. వెన్నుపూస ఆధారము. దానిని వెనుకనుండి లాగి నిలుపు కండరములు ఆధారమునకు సుమారు 5 సెంటీమీటర్ల దూరముననే యున్నవి. ఒకడు 10 కిలోగ్రాముల బరువును వెన్నునకు 50 సెంటీమీటర్లు ముందుగా పట్టుకొనెననుకొనుడు. లెక్కవేయగా, ఆ కండరములు 100 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలముతో లాగవలసియుండును. చేత నేమియు లేకున్నను, వంగినవాని తల, చేతులు, మొండెము ముందునకు వ్రేలాడుచుండును. వీని బరువే శరీరపు బరువులో సగమునకు మించినది. ఈ భారమంతయు వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్లలపై పడును. ఒక గంట యిట్లు గడచిన తీపు మాత్రమే. ఏండ్ల తరబడి గడచినచో నడుము శాశ్వతముగా చెడవచ్చును.

ఈ శాస్త్రము పుట్టుక

పనికిని రోగమునకును గల సంబంధమును శ్రద్ధగా పరిశీలించిన ప్రాచీన వైద్యులలో ఇటలీ దేశీయుడగు బెర్నార్డినో రామజ్జీని ముఖ్యుడు. ఆయన 1700 లో పనివారల రోగములను గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. వైద్యుడు రోగిని ఇతర ప్రశ్నలతో పాటు "నీవు చేయు పని యేమి?" అనియు నడుగవలయునని యాయన బోధించెను. తరువాత 1857 లో పోలండు దేశీయుడగు యాస్త్‌షెంబోవ్‌స్కి యను పండితుడు ఈ శాస్త్రమునకు "ఎర్గోనామిక్స్" అని పేరిడెను. గ్రీకు భాషలో "ఎర్గోన్" అనగా పని, "నోమోస్" అనగా నియమము. దీని సారమును ఒక్క వాక్యమున చెప్పవచ్చును: మనుష్యుని పనిముట్టునకు తగినట్లు వంచుట గాక, పనిముట్టును మనుష్యునకు తగినట్లు దిద్దవలయును.

కాలిఫోర్నియా పొలములు

నా తోటలోని తప్పువంటిదే, మిక్కిలి పెద్దదిగా, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున చాలకాలము జరిగెను. అచ్చటి లెట్యూస్ ఆకుకూర పొలములలోను, చక్కెరదుంపల పొలములలోను మొలకలను పలుచన చేయు కూలీలకు సుమారు అడుగు పొడవు కామ గల పారల నిచ్చుచుండిరి. కూలీలలో ననేకులు మెక్సికో దేశమునుండి వచ్చినవారు. వారు ఆ పారను తమ స్పానిష్ భాషలో "ఎల్ కోర్టీటో", అనగా "పొట్టిది", అని పిలిచెడివారు. ఉదయము మొదలు సాయంకాలము వరకు వంగియే చాళ్లవెంట నడువవలసి వచ్చెను. పొడవు కామ గల పారతో మొలకలు చెడునని యజమానులు వాదించిరి. కూలీలు మరియొక మాటయు చెప్పిరి. పొట్టి పారయైనచో, ఎవడైన నడుము నిలిపిన వెంటనే మేస్త్రీకి దూరమునుండియే కనబడును!

కూలీల పక్షమున న్యాయవాదులు పూనుకొనిరి. వైద్యులు ఆ పార నడుమునకు చేయు హానిని గూర్చి సాక్ష్యమిచ్చిరి. తుదకు 1975 లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము కూలీలకు అనుకూలముగా తీర్పు చెప్పెను. ఆ సంవత్సరముననే పొట్టి పార నిషేధింపబడెను. కూలీల నాయకుడగు సీజర్ చావెజ్ సైతము యౌవనమున ఆ పారతో పనిచేసి నడుమునొప్పి ననుభవించినవాడే. నిషేధము తరువాత పొడవు పారలతోనే ఆ పొలములు సాగినవి. ఒక అడుగు కామను కొన్ని అడుగులు పెంచుటకు న్యాయస్థానము వరకు పోవలసివచ్చెను. ఏలయన పారను ఎన్నుకొన్నవాడు వేరు, పట్టుకొన్నవాడు వేరు.

తల్లి భుజము, కుమారుని యంత్రము

పట్టుకొన్నవారి బాధను ఇంటిలోనివారే గమనించినప్పు డేమగునో తెలంగాణములోని యొక చేనేత కుటుంబము మనకు చూపుచున్నది. పోచంపల్లి చీరలకు నేయుటకు ముందే నూలును ముడులు కట్టి రంగులద్దుదురు. అందుకొరకు నూలును అర్ధచంద్రాకారముగా పాతిన మేకుల చుట్టు చేతితో త్రిప్పవలయును. దీనినే "ఆసు పోయుట" అందురు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు అటునిటు కదలవలయును. ఒక్కొక్క మారు సుమారు ఒక మీటరు అనుకొన్న, ఒక చీరకు 9 కిలోమీటర్లు! ఈ పని సాధారణముగా స్త్రీలదే.

ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజపు నొప్పితో బాధపడుటను చిన్ననాటినుండి చూచెను. ఆయన పాఠశాల చదువు ఆరవ తరగతితోనే ఆగినది. అయినను 1992 లో ఆసు పోయు యంత్రమును చేయ నారంభించి, అనేక వైఫల్యముల పిదప 1999 లో దానిని ముగించెను. దానికి తల్లి పేరే పెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియుట సంతోషమే. భుజము నొవ్వకుండుట అంతకంటె గొప్ప సంతోషము. 2017 లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగెను.

జ్ఞాపకముంచుకొనదగిన నియమములు

1. వీలైనంతవరకు నిలిచి పనిచేయుటకు తగిన పొడవు కామ ఉండవలయును. అయితే పెద్దవాని పార బాలునకు తగదు. పట్టువాని యెత్తును బట్టి కామ నమర్పవలయును.

2. పిడి మరీ సన్నముగా నున్న చేతికి కోసుకొనును. మరీ లావైన పట్టు నిలువదు. పట్టుకొన్నప్పుడు బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల కొనలను తాకుట మంచిది.

3. బరువెత్తునప్పుడు నడుము గాక మోకాళ్లు వంచి, బరువును శరీరమునకు చేర్చి యెత్తవలయును. రెండు బిందెల నీటిని ఒకే చేతివైపున మోయుటకంటె కావడిలో మోయుట సుఖమని మన పెద్దలు ముందే యెరుగుదురు.

4. బల్లపై చేయు పని మోచేతికి కొంచెము దిగువనుండవలయును. బలము కావలసిన పనికి బల్ల మరికొంత తగ్గవలయును.

5. నాట్లువంటి కొన్ని పనులలో వంగుట తప్పదు. అట్టిచోట నడుమనడుమ లేచి నిలువనిచ్చుటయే మందు. దానిని సోమరితనమని యనరాదు.

సెలవులలో చేయవలసిన పని

ఈ సెలవులలో మీ యింటిలో నెవరు ఏ పనికి వంగుచున్నారో యొక దినమంతయు గమనింపుడు. మీ యమ్మగారు ఊడ్చు చీపురు కట్ట ఎంత పొడవు? నాయనగారి పార కామ ఎంత? కొలిచి వ్రాసికొనుడు. ముఖ్యముగా, ఆ పనిముట్టుతో మీరు అరగంట పనిచేసి చూడుడు. పిదప వారి నడిగి, దానిని ఎట్లు దిద్దవచ్చునో యొక పటము గీసి తీసికొనిరండు. చీపురునకు కఱ్ఱ కట్టుటకు వెదురుముక్కయు, త్రాడును చాలును. పాఠశాల తెరచిన మొదటి వారమున ఆ పటములను తరగతిలో చూచెదము. తోటలో నేను మందలించిన బాలుడే ఆ సభకు పెద్దగా నుండుట కొప్పుకొనియున్నాడు.