బహియా రేవులో బీగిల్ ఓడ

విద్యార్థులారా, మీ భూగోళ పటములో దక్షిణ అమెరికా ఖండమును తీసి చూడుడు. ఆ ఖండపు తూర్పు తీరము ఆఫ్రికా వైపునకు పొడుచుకొని వచ్చిన మూలకు కొంత దక్షిణముగా, సముద్రము భూమిలోనికి చొచ్చుకొనిపోయి విశాలమైన అఖాతముగా ఏర్పడినది. పోర్చుగీసువారు దానికి 'సర్వ పరిశుద్ధుల అఖాతము' అని పేరు పెట్టిరి. దాని ముఖద్వారమున గట్టుమీద నున్న బ్రెజిలు దేశపు రేవు పట్టణమే సాల్వడోరు. నావికులు చిరకాలము దానిని 'బహియా' అనియే పిలిచిరి. పోర్చుగీసు భాషలో ఆ మాటకు అఖాతమని అర్థము.

ఈ పట్టణమును 1549వ సంవత్సరమున టోమే డి సౌజా అను గవర్నరు స్థాపించెను. 1763 వరకు బ్రెజిలుకు ఇదియే రాజధాని. ఊరు రెండు మెట్లుగా నున్నది. సముద్రపు టొడ్డున ఓడరేవు, గిడ్డంగులు, వర్తకుల కొట్లు గల క్రింది ఊరు. నిటారుగా లేచిన గట్టుపైన దేవాలయములు, కచేరీలు, ధనికుల గృహములు గల మీది ఊరు. ఇప్పుడైతే 1873లో తెరువబడిన లిఫ్టు ఒకటి జనులను ఇంచుమించు 72 మీటర్ల ఎత్తునకు నిమిషము లోపల చేర్చుచున్నది. అది లేని దినములలో బరువులన్నియు మనుష్యుల నెత్తులమీదను భుజములమీదను ఆ యేటవాలు సందులలో ఎక్కవలసి యుండెను. కలిగినవారు పల్లకివంటి కుర్చీలలో కూర్చుండి మోయించుకొని పోవుచుండిరి. మోసిన భుజము లెవరివో ముందు చెప్పెదము.

1831 డిసెంబరు 27వ తేదీన ఇంగ్లండు విడిచిన బీగిల్ అను చిన్న తెరచాప ఓడ 63 దినములు ప్రయాణము చేసి 1832 ఫిబ్రవరి 28వ తేదీన ఈ రేవున లంగరు దించెను. ఓడ పొడవు 90 అడుగులే. అందున్నవారు 70 మందికి పైగా. కప్తాను రాబర్టు ఫిట్జ్‌రాయ్‌కి 26 సంవత్సరములు. ఆయనతో భోజనపు బల్లయొద్ద కూర్చుండు నట్టియు, ప్రకృతి శాస్త్రమునందు ఆసక్తి గలిగినట్టియు యువకుడు చార్లెసు డార్విన్‌కు అప్పుడే 23 నిండినవి. సముద్రపు కుదుపునకు వాంతులతో మంచముపట్టి క్రుంగిపోయిన ఆ యువకునికి నేలమీద అడుగు పెట్టుట యెంత సంతోషమో మీరే ఊహింపుడు.

మరునాడు అతడు అడవిలోనికి ఒంటరిగా పోయెను. అది అతడు చూచిన మొదటి ఉష్ణమండలపు మహారణ్యము. గడ్డి సొగసు, చెట్లనంటి పెరుగు వింత మొక్కలు, పువ్వుల కాంతి, ఆకుల నిగనిగ — దేనిని చూడవలెనో తెలియక అతని కన్నులు చెదరినవి. అతడు రెండు విషయములను ప్రత్యేకముగా గమనించెను. కీటకముల రొద తీరమునకు దూరముగా లంగరు వేసిన ఓడలోనికి సైతము వినబడుచుండెను. అయినను అడవి లోపల మాత్రము గాఢమైన నిశ్శబ్దము. తిరిగి వచ్చునప్పుడు గొప్ప వర్షము పట్టుకొనగా, ఇంగ్లండు వానకైతే చినుకైన దూరనంత దట్టమైన చెట్టు క్రింద నిలిచెను. రెండు నిమిషములలో చెట్టు మాను వెంబడి చిన్న వాగు పారసాగెను! పరిశీలన యనగా ఇట్టిదే. 'అడవి అందముగా నున్నది' అని వ్రాయుట సులభము. రొద యెక్కడ, నిశ్శబ్దమెక్కడ అని విడదీసి చెప్పుట శ్రమ.

మార్చి 4వ తేదీన ఊరిలో కార్నివాల్ పండుగ ఆరంభమయ్యెను. డార్విను ఇద్దరు ఓడ అధికారులతో కలిసి వీధులు చూడబోగా, జనులు నీళ్లు నింపిన మైనపు ఉండలను విసరి, పెద్ద రేకు చిమ్మనగ్రోవులతో తడిపి, వారిని ముద్దచేసిరి. మన హోళీ పండుగనాటి వసంతములు ఎరిగిన పిల్లలకు ఈ దృశ్యము వివరించి చెప్పనక్కరలేదు.

ఇంతవరకు విహారము. ఇక అదే వీధులలోని రెండవ దృశ్యము.

క్రింది ఊరి గిడ్డంగుల ముంగిట నల్లజాతి పురుషులు గుంపులుగా నిలిచి యుండిరి. పట్టణములోని కాయకష్టమంతయు వారిదే. మోయలేని బరువుల క్రింద తూలుచు, అడుగునకు అడుగు కలుపుకొనుటకై పాట పాడుకొనుచు వారు గట్టు ఎక్కుచుండిరి. వారిలో అత్యధికులు బానిసలు. ఆఫ్రికానుండి బలవంతముగా అట్లాంటికు దాటించి అమ్మబడినవారిలో మరి యే దేశమునకును రానంతమంది బ్రెజిలునకు తేబడిరి. వారి సంఖ్య నలుబది లక్షలకు మించినదని చరిత్రకారుల నిర్ణయము. క్రొత్త బానిసలను దిగుమతి చేయరాదని 1831 నవంబరులోనే బ్రెజిలులో శాసనమైనది. కాని ఆ వ్యాపారము 1850 వరకు జరుగుచునే యుండెను.

డార్వినునకు ఈ విషయము క్రొత్తది కాదు. అతని తాత యగు జోసయ్య వెడ్జ్‌వుడ్ బానిసత్వమునకు విరోధముగా పింగాణి పతకములను చేయించి పంచిపెట్టినవాడు. ఎడింబరోలో చదువుకొనునప్పుడు పక్షులను చెడిపోకుండ భద్రపరచు విద్యను డార్వినునకు నేర్పిన గురువు జాన్ ఎడ్మన్‌స్టన్, గయానా దేశమున బానిసగానుండి విముక్తుడైన నల్లజాతీయుడు. గురువుగా ఎరిగిన మనుష్యుని జాతిని సామానుగా అమ్మజూపుట చూచి ఊరకుండుట కష్టము.

ఓడలో ఒకనాడు కప్తాను బానిసత్వమును సమర్థించి మాటలాడెను. తాను అప్పుడే ఒక గొప్ప భూస్వామి యింటికి పోయి వచ్చితిననియు, ఆయన తన బానిసలను అనేకులను పిలిచి 'మీరు సుఖముగా నున్నారా? విడుదల కోరుచున్నారా?' అని అడుగగా, విడుదల వద్దని అందరును పలికిరనియు చెప్పెను. అందుకు డార్విను, యజమాని యెదుట బానిస పలికిన మాటకు విలువ ఏమి యని అడిగెను. కప్తానునకు పట్టరాని కోపము వచ్చెను. తన మాటను శంకించువానితో ఇక కలిసి యుండజాలనని కేకలు వేసెను. డార్విను ఓడ విడువవలసి వచ్చునేమో అనుకొనెను. ఈ వార్త విని తక్కిన అధికారులు అతనిని తమతో భోజనము చేయరమ్మని పిలిచిరి. అయితే కొన్ని గంటలు గడువకమునుపే కప్తాను ఒక అధికారి ద్వారా క్షమాపణ చెప్పి పంపి, మునుపటివలెనే కలిసి యుండుమని కోరెను. ఈ సంగతిని డార్విను వృద్ధాప్యమున తన ఆత్మకథలో వ్రాసెను. తప్పు తెలిసికొని తగ్గుటయు చిన్న గుణము కాదు గనుక, ఫిట్జ్‌రాయ్‌ని ఆ కోపమునుబట్టి మాత్రమే జ్ఞాపకముంచుకొనుట న్యాయము కాదు.

ఆ ప్రశ్నకు సమాధానము మూడేండ్లకు ఆ ఊరి వీధులలోనే వినబడెను. 1835 జనవరి 24వ తేదీ రాత్రి, రంజాను మాసమున, సాల్వడోరులోని ఆఫ్రికా జాతి ముస్లిములు వందలాదిగా లేచి తిరుగబడిరి. వారిలో బానిసలును విడుదల పొందినవారును గలరు. దీనిని 'మాలే తిరుగుబాటు' అందురు. ఒక్క రాత్రిలో అది అణచివేయబడినది. వారియొద్ద అరబీ లిపిలో వ్రాసిన కాగితములు దొరికినవి. చదువు రాని మూర్ఖులని యజమానులు తలచినవారిలో చదువనేర్చినవారు గలరని అప్పుడు తేలినది.

బీగిల్ ఓడ లోకమంతయు చుట్టి, 1836 ఆగస్టు 1వ తేదీన మరల బహియాకు వచ్చెను. అప్పుడు డార్విను మామిడి చెట్ల చిక్కని నీడను మెచ్చుకొనెను. ఆ మామిడి మన దేశపు చెట్టు. పోర్చుగీసువారి కాలమున బ్రెజిలు చేరినది. వారే ఆ దేశపు జీడిమామిడిని మన తీరములకు తెచ్చిరి. పలాసలో నేడు ఒలిచెడి జీడిపప్పు బ్రెజిలు సంతతియే. ఓడలు చెట్లను మార్చుకొనుటవలన రెండు దేశములును బాగుపడినవి. మనుష్యులను సరుకుగా మోయుటవలన లోకము మైలపడినది. ఆ నెలలోనే డార్విను బ్రెజిలు తీరమును కడసారి విడుచుచు, మరల ఏ బానిస దేశమునకును రాబోనని దేవునికి కృతజ్ఞత తెలుపుకొనెను. బ్రెజిలులో బానిసత్వము 1888 మే 13న గాని రద్దు కాలేదు. మనము గర్వింప నక్కరలేదు. మన దేశమున కంపెనీ ప్రభుత్వము బానిసత్వమునకు న్యాయస్థానముల గుర్తింపు తీసివేసినది 1843లోనే.

నేడు ఆ పట్టణమునకు పోవువారు మీది ఊరిలోని పెలోరీన్యో అను వీధులను తప్పక చూతురు. రంగురంగుల యిండ్లు, బంగారు రేకులు తాపిన పాత దేవాలయములు, నల్లజాతివారి సహవాసము తమకై కట్టుకొన్న దేవాలయము అచ్చట గలవు. 1985లో ఆ ప్రాంతము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. ఆ వీధి పేరునకు మాత్రము కొరడా దెబ్బలు కొట్టు స్తంభమని అర్థము. పేరునకు అర్థము తెలియనివాడు రంగులు చూచి వచ్చును. తెలిసినవాడు ఊరిని చూచి వచ్చును.

ఇక మా సంగతి ఒకటి చెప్పెదము. మేము ఉపాధ్యాయ వృత్తిలో క్రొత్తగా చేరిన దినములలో ఒకనాడు పాఠము ముగించి, 'తెలిసినదా?' అని అడిగితిమి. 'తెలిసినదండీ' అని తరగతి యంతయు ఒక్క గొంతుతో పలికెను. మరునాడు పరీక్షింపగా సగము మందికైనను తెలియలేదు. పిల్లలు అబద్ధికులు కారు. వారు మా ప్రశ్నకు గాక మా చేతిలోని బెత్తమునకు సమాధానము చెప్పిరి. బానిసల బాధ వేరు, బడిపిల్లల భయము వేరు. రెంటిని సమానము చేయుట అన్యాయము. అయినను ఆనాటినుండి డార్విను ప్రశ్న మమ్ము విడువలేదు. తండ్రి యెదుట కుమార్తెను, వార్డెను యెదుట హాస్టలు పిల్లవానిని, యజమాని యెదుట పనిమనిషిని 'సుఖముగా నున్నావా?' అని అడిగి, వచ్చిన మాటతో తృప్తిపడు పెద్దలమెల్ల మనము ఫిట్జ్‌రాయ్ కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నవారము. అడుగుటకు ముందు భయమును తీసివేయుట అడుగువాని విధి.

అభ్యాసము

1. పటములో బీగిల్ ఓడ బహియా చేరిన త్రోవను గుర్తింపుడు.

2. అడవిలో రొదను, నిశ్శబ్దమును గూర్చి డార్విను గమనించిన దేమి?

3. మీ ఊరిలోని ఒక వీధి పేరునకు అర్థమును పెద్దలను అడిగి తెలిసికొని వ్రాయుడు.

4. భయముచేత మీరు ఎప్పుడైన 'తెలిసినది' అని చెప్పితిరా? దీనికి సమాధానము మాకు చూపనక్కరలేదు. మీలో మీరే చెప్పుకొనుడు.