కమండలువులోని చేప

శ్రీమద్భాగవతము అష్టమ స్కంధమున మత్స్యావతార కథ కలదు. రాజర్షియైన సత్యవ్రతుడు కృతమాలా నదిలో జలతర్పణము చేయుచుండగా దోసిటి నీటిలో ఒక చిన్న చేపపిల్ల కనబడెను. రాజు దానిని తిరిగి నదిలోనే విడిచెను. తనను మ్రింగెడి పెద్ద జలచరములున్న ఆ నీటిలోనికి త్రోయవలదని అది దీనముగా వేడుకొనెను. రాజునకు జాలి కలిగి, దానిని కమండలువులో నుంచుకొని ఆశ్రమమునకు తెచ్చెను. తెల్లవారునప్పటికి ఆ పాత్ర దానికి చాలలేదు. పెద్ద నీటి పాత్రలో వేసెను. ముహూర్త కాలములోనే అదియు చాలలేదు. సరస్సులో విడిచెను, పెద్ద మడుగులలో విడిచెను, కడకు సముద్రమునకు కొనిపోయెను. అక్కడనే ఆ మీనము సాక్షాత్తు శ్రీహరి యని ఆయనకు తెలిసెను.

ఈ కథను మనము పురాణ కాలక్షేపములలో ఎన్ని మారులు వినియుందుము! ప్రళయము, నావ, వేదోద్ధరణము - వీనియందే మన దృష్టి నిలుచును. కథారంభమందలి గృహకృత్యమును అంతగా గమనింపము. శరణుజొచ్చిన ప్రాణి పెరుగుచుండగా, "ఈ పాత్ర చాలును, ఇందులోనే యుండుము" అని రాజు ఒక్కసారియైన అనలేదు. దానికి తగిన పాత్రకై తానే వెదకికొనెను.

ఇదే భాగవతము పంచమ స్కంధమున మరియొక రాజు కనబడును. భరతుడు రాజ్యము విడిచి గండకీ నదీతీరమున తపస్సు చేయుచుండెను. నిండుచూలాలైన లేడి యొకటి నీరు త్రాగుచుండగా సింహగర్జన విని బెదరి దుమికెను; పిల్ల నదిలో జారిపడెను; తల్లి మరణించెను. భరతుడు ఆ పిల్లను రక్షించెను. అందు దోషమేమియు లేదు. తరువాత దానిని మోయుట, దువ్వుట, కనబడనిచో తల్లడిల్లుట - ఇట్లు దినములు గడచి నిత్యానుష్ఠానము జారిపోయెను. అంత్యకాలమున మనస్సు లేడిపైననే నిలిచి, మరుజన్మమున లేడియై పుట్టెను.

ఇద్దరును ప్రాణిని కాపాడినవారే. ఒకరి దయ పాత్రను పెద్దది చేయుచు పోయినది. మరియొకరి దయ మమకారమై ముడిపడినది. ఇంటి పెరటిలో చేపలకును పక్షులకును చిన్న శరణాలయము నడుపగోరు గృహస్థుడు ఈ రెండు కథలను పక్కపక్కన ఉంచుకొని చదువవలెను. సర్వ చేతనులును శ్రీమన్నారాయణునికి శేషభూతులని మన ఆచార్యులు బోధించిరి. అట్లయినచో గాయపడి మన గుమ్మమున పడిన గోరింకయు ఆయన సొత్తే. మనము కొంతకాలము కాపున్నవారము మాత్రమే. పంచ మహాయజ్ఞములలో భూతయజ్ఞమును చేర్చిన పెద్దలు కాకికి ముద్ద పెట్టుమనిరి గాని కాకిని కట్టివేయుమనలేదు కదా!

నందిగాం పరిసరములందు వేసవి వచ్చెనన్న చిన్న చెరువులు, కుంటలు అడుగంటిపోవును. మిగిలిన మడుగులో చేపలు నోళ్లు తెరచి పైకి తేలుచుండును. అట్టివానిని తెచ్చి ఇంట కాపాడుదమని కొందరకు తోచును. మంచి తలంపే. ఈ వ్యాసము వ్రాయుచున్నవాడును ఒక వేసవిలో అట్లే చేసెను. పెరటిలో క్రొత్తగా కట్టించిన సిమెంటు తొట్టి నింపి, రాగండి పిల్లలను తెచ్చి విడిచి, రాత్రి సుఖముగా నిద్రించెను. ఉదయమున ఒక్కటియు బ్రతికి యుండలేదు. క్రొత్త సిమెంటునుండి సున్నపు ఘాటు నీటిలోనికి దిగునని, కొన్ని వారములపాటు నీరు నింపుచు పారబోయుచు ఆ ఘాటును విరిచిన పిమ్మటగాని తొట్టి చేపలకు పనికిరాదని అప్పటికి తెలియదు. మడుగులోనే యున్నచో వానిలో కొన్నియైన వానలదాక నిలిచి యుండెడివేమో. ఆ తొట్టిని చూచినప్పుడెల్ల ఆ మాటయే తోచును.

కావున మొదట నీటి సంగతి. కుళాయి నీటిలో క్లోరిను కలిపి యుండును. దానిని వెడల్పు పాత్రలో ఒక దినము ఎండ, గాలి తగులునట్లు ఉంచిన పిదప వాడవలెను. బావి నీరైనను పైకి తోడి కొంతసేపు గాలికి ఉంచుట మేలు. చేపను తెచ్చిన పాత్రలోని నీటిలోనికి తొట్టి నీటిని కొంచెము కొంచెముగా కలుపుచు, రెండింటి వేడిమి సమమైన పిమ్మట విడువవలెను. పొడి చేతులతో పట్టరాదు; చేప మేనిపైని జిగురు దానికి కవచము వంటిది. తొట్టి లోతుకన్న వెడల్పు ముఖ్యము, ఏలయన గాలి నీటిలోనికి చేరునది పై భాగమునుండియే. సగము తొట్టిపై తాటాకు నీడ ఉండవలెను. కొరమీను, మార్పు నీటిపైకి వచ్చి గాలి పీల్చగలవు గనుక కొద్దిపాటి చెడునీటిలోను నిలుచును. రాగండి, బొచ్చె అట్లు నిలువలేవు. అయితే కొరమీను ఎగిరి దుముకునది. తొట్టిపై వల కట్టనిచో తెల్లవారి నేలపై కనబడును. పైగా అది చిన్న చేపలను తినును. నదిలోని ఏ భయమునుండి సత్యవ్రతుని మీనము శరణు వేడెనో, ఆ భయమునే మనము ఒక తొట్టిలో కల్పింపరాదు.

మేత విషయమున గృహిణుల చేయి ఉదారమైనది. చేపలకు ఆ ఔదార్యమే ముప్పు. క్షణములలో తినగలిగినంతకు మించి వేసిన అన్నము, పేలాలు అడుగున క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. పుష్కరిణులలో తెల్లవారుజామున చేపలు తేలి చచ్చుటకు ఇదియు ఒక కారణము. యాత్రికులు పొట్లములు పొట్లములుగా పేలాలు కోనేటిలో గుమ్మరించుట చూచుచునే యున్నాము. అక్కడ పదిమందికి ఒక పిడికెడు చాలును.

వానలు పడి చెరువు నిండగానే చేపను పుట్టిన చెరువులోనే విడువవలెను. అద్దపు తొట్టిలో పెంచిన పరదేశపు రంగుచేపలను మాత్రము చెరువులోను, కాలువలోను, దేవాలయపు కోనేటిలోను ఎన్నడును విడువరాదు. దక్షిణ అమెరికానుండి అలంకారమునకై వచ్చిన చూషక ముఖపు క్యాట్‌ఫిష్, జనులు దెయ్యపు చేప యనునది, ఇట్లు విడువబడి మన నీళ్లలో ప్రబలి జాలరుల వలలను చింపుచున్నది. పుణ్యమని విడిచిన చేప వేయి చేపల కడుపు కొట్టుచున్నది.

ఇక పక్షులు. రామచిలుకను పంజరమున పెట్టి గోవింద నామము నేర్పుట భక్తియే యని భావించు ఇండ్లు ఇంకను కలవు. గోదాదేవి చేతిలో చిలుక యున్నది కదా యని వారి సమాధానము. శ్రీవిల్లిపుత్తూరులో ఆ తల్లి ఎడమచేతి చిలుకను ప్రతిదినము పచ్చని ఆకులతో క్రొత్తగా అల్లుదురు. ప్రాణమున్న చిలుకను ఆమె చేతికి కట్టలేదు. మన తెలుగునాట చెప్పుకొను కథయు ఇందుకు తోడగుచున్నది: పూర్వజన్మమున చిలుకను పంజరమున బంధించిన దోషముచేతనే భద్రాద్రి రామదాసునకు గోలకొండ చెర ప్రాప్తించెనట. రామభక్తుడైనను ఆ లెక్క తప్పలేదని పెద్దలు చెప్పుదురు.

శాసనమును ఇదే మాట చెప్పుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి రామచిలుక, గోరింక, మునియా వంటి మన దేశపు పక్షులను పట్టుట, అమ్ముట, పంజరమున ఉంచుట నేరము. సంతలో పంజరపు పిట్టలను కొని ఎగురవేసి పుణ్యమార్జింతుమను వారు ఒక సంగతి ఆలోచింపవలెను. కొనెడివాడు ఉన్నాడని తెలిసినచో వేటగాడు మరుదినము రెండింతలు పట్టి తెచ్చును. ఆ రూకలతో పెరటిలో ఒక రావి మొక్కయో మేడి మొక్కయో నాటించుట ఉత్తమము.

గాయపడిన పక్షి దొరకినప్పుడు చేయవలసినది స్వల్పము, చేయరానిది అధికము. గాలి రంధ్రములు గల అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరచి, దానిని అందుంచి మూసి, చీకటిగా, వెచ్చగా, సద్దులేని చోట ఉంచవలెను. బిడ్డలు మాటిమాటికి మూత తీసి చూడరాదు. మనుష్యుని చూపే దానికి మృత్యుభయము. ముక్కు తెరచి నీరు పోయరాదు. నాలుక మొదటనే శ్వాసద్వారము ఉండుటచేత ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. పాలు అసలే కూడదు, పక్షికి అవి జీర్ణము కావు. ఇంటి కోళ్లకు దూరముగా ఉంచవలెను. కొక్కెర తెగులు ఒకదానినుండి మరియొకదానికి పాకును. పశువైద్యునికి చూపి, టెక్కలిలోగాని కాశీబుగ్గలోగాని ఉన్న అటవీశాఖవారికి తెలియజేయవలెను. ఇంటి శరణాలయము ఒక రాత్రి మజిలీ యనుకొన్న సరిపోవును. రెక్కలు వచ్చుచున్న పిల్ల గూటినుండి జారి నేలపై పడినచో చాలమారులు దానికి ఏ ఆపదయు లేదు. మనుష్యుడు ముట్టిన పిల్లను తల్లి విడిచివేయునను మాట నిజము కాదు. తిరిగి గూటిలో ఉంచి, పిల్లిని తోలి, దూరముగా నిలుచుటయే పెద్ద సాయము.

పంజరము లేని శరణాలయమెట్లుండునో చూడగోరువారు దూరము పోనక్కరలేదు. టెక్కలి మండలమున తేలినీలాపురము కలదు. శరదృతువు వచ్చుసరికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరిలోని చింతచెట్లపై దిగి, గూళ్లు కట్టి, పిల్లలను పెంచి వేసవికి వెళ్లిపోవును. నౌపడా ప్రాంతపు చిత్తడి నేలలు వానికి అన్నపు కుండలు. ఇచ్ఛాపురము మండలము తేలుకుంచికి తొలకరితో నత్తగుల్ల కొంగలు వచ్చును. వరిచేలలోని నత్తలు వాని ఆహారము. ఈ ఊళ్లవారు వానిని శుభసూచకములుగా భావించి తరతరములుగా రాయి విసరక కాపాడుచున్నారు. ఇంటి ముంగిట రెట్టలు పడును, చేపల నీచు వాసన వచ్చును, అయినను ఓర్చుకొందురు. ఈ పక్షులు సైబీరియా నుండి వచ్చునని వాడుక. శాస్త్రజ్ఞుల మాట వేరు: ఇవి దక్షిణాసియాలోనే తిరుగాడు జాతులు. పరదేశపు అతిథులని గౌరవించితిమి గాని అవి మన ఇరుగుపొరుగువే యన్నమాట. గౌరవము తగ్గింపనక్కరలేదు.

అట్టి చోటునకును ఆపదలు తప్పలేదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుఫానులో ఉద్దానపు కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కకు మిక్కిలిగా కూలినవి. నరునికి తోట పోయిన చోట పక్షికి ఇల్లు పోయినది. 2021 చివర తేలినీలాపురమున గూడబాతులు పెద్ద సంఖ్యలో మరణించినవి. తిన్న చేపలద్వారా కడుపున చేరిన పురుగులు కారణమని పరీక్షలలో తేలినది. చెరువు చెడినచో చేప చెడును, చేప చెడినచో చెట్టుపైని పక్షి రాలును. తొట్టిలో పది చేపలను కాపాడుటకన్న ఊరి చెరువులో చెత్త పడకుండ చూచుట పెద్ద కైంకర్యమని ఈ వ్రాతగాని అభిప్రాయము.

శ్రీకూర్మ క్షేత్ర యాత్రికులకును ఒక మాట. కూర్మనాథుని ప్రాంగణమున నక్షత్ర తాబేళ్లను చూచి వచ్చినవారు, దారిలో అట్టిది కనబడిన ఇంటికి తెచ్చి నీటి తొట్టిలో వేయుదురు. అది మెట్ట తాబేలు. గడ్డి, ఆకులు తినునది. లోతు నీటిలో మునిగి చచ్చును. ఉంచుకొనుట నేరము కూడ. అటవీశాఖకు తెలుపవలెను. సముద్రపు తాబేళ్లు మన తీరపు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. నెలన్నర రెండు నెలలకు పిల్లలు వెడలును. వానిని బాల్చీలో ఇంటికి తేరాదు. తీరమున దీపముల వెలుగు వానిని దారి తప్పించును గనుక ఆ దినములలో దీపము లార్పిన చాలును, సముద్రము వానికి తెలియును.

ఎంత చేసినను కొన్ని ప్రాణులు దక్కవు. జటాయువు శ్రీరామునకును దక్కలేదు. ఆ పక్షికి స్వామి స్వయముగా అంత్యసంస్కారము చేసెను. కాంచీపురమునకు చేరువనున్న తిరుప్పుట్కుళి దివ్యదేశమున విజయరాఘవస్వామి సన్నిధి ఆ ఘట్టమునకే స్మారకము. అట్టపెట్టెలోని పిట్ట తెల్లవారి కదలనిచో, వట్టిచేతులతో ముట్టక, నీటి వనరులకు దూరముగా, కుక్కలు త్రవ్వనంత లోతున పూడ్చి, నామస్మరణ చేసి స్నానమాడవలెను. ఆ పెట్టెను కాల్చివేసి, మరియొక పెట్టెను సిద్ధముచేసి అటకపై ఉంచవలెను. తుఫానుల కాలమున అది ఎప్పుడు కావలసివచ్చునో చెప్పలేము.