పుస్తకమూ - పాఠకుడూ

పుస్తకం హస్తభూషణమని పెద్దలు చెప్పారు. అయితే చేతికి అలంకారమైనంత మాత్రాన అది మనసుకు మేలు చేయదు. ప్రదర్శనలో ముచ్చటపడి కొన్నవి, బహుమతిగా వచ్చినవి, మిత్రులు మెచ్చుకోగా తెచ్చుకొన్నవి అలమరలో చేరుతూనే ఉంటాయి. చదివే తీరిక మాత్రం దొరకదు. ఇట్లా పుస్తకాలను కొని, చదవకుండా పేర్చిపెట్టడాన్ని జపాను భాషలో 'త్సుందోకు' అంటారు.

చదవని పుస్తకాలు ఇంట్లో ఉండటం దోషం కాదు. అవి మన ఆసక్తికి గుర్తులు. వాటికొక లెక్క లేకపోవడమే దోషం. రోజుకు పది పుటల చొప్పున చదివితే మూడు వందల పుటల నవల నెల రోజుల్లో పూర్తవుతుంది. అంటే ఏడాదికి పన్నెండు నవలలు. నెలకు రెండు కొని ఒక్కటే చదివేవారి అలమరలో ఏటా పన్నెండు మిగిలిపోతాయి. కాబట్టి ఒకటి ముగించిన తరువాతనే మరొకటి తెచ్చుకోవడం ఉత్తమం.

ఈ కుప్ప పెరగడానికి మనం ఇచ్చే సలహాలు కూడా ఒక కారణం. "మంచి నవల చెప్పండి" అని ఎవరైనా అడిగితే, మనకు నచ్చిన పది పేర్లు ఏకరువు పెడతాం. అడిగినవారి అభిరుచిని మాత్రం తెలుసుకోము. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో పంచసూత్రాలను ప్రకటించారు. పాఠకునికి తగిన పుస్తకం దొరకాలని, పుస్తకానికి తగిన పాఠకుడు లభించాలని వాటిలో రెండు సూత్రాల సారాంశం. పుస్తకాన్ని సూచించేవారు ఈ రెండింటినీ కలిపే వారధులు.

ఎన్నడూ నవల చదవని విద్యార్థి చేతిలో మొదటే విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' పెడితే, ఆ బృహన్నవలను చూసి అతడు బెదరవచ్చు. ఆ తప్పు నవలదీ కాదు, విద్యార్థిదీ కాదు, సమయమెరుగక ఇచ్చినవారిది. అతనికి మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశం' ఇస్తే, మొగలితుర్రు నుండి ఇంగ్లండుకు బయలుదేరిన ఆ అమాయక యువకునితోపాటు నవ్వుతూ సాగిపోతాడు. నిజాం కాలంనాటి తెలంగాణ పల్లె జీవితాన్ని తెలుసుకోగోరేవారికి దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' తగినది. యువతీయువకుల మనస్తత్వాలను పరిశీలించాలనుకొనేవారికి డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' సూచించవచ్చు.

సూచించేటప్పుడు ఒక్క నవలనే చెప్పాలి. అది ఎందుకు నచ్చిందో రెండు మాటల్లో వివరించాలి. ముగింపు మాత్రం చెప్పకూడదు. చదివినవారు నచ్చలేదంటే నొచ్చుకోకూడదు. తొలి పుస్తకమే విసుగు పుట్టిస్తే, ఆ పాఠకుడు జీవితాంతం పఠనానికే దూరం కావచ్చు. కాబట్టి ఈ చిన్న మాట వెనుక పెద్ద బాధ్యత ఉన్నది.

ఏడాదికొకసారి అలమరను పరిశీలించాలి. వెంటనే చదవవలసినవాటిని కంటికెదురుగా ఉంచాలి. తరువాత చదవదలచినవాటిని వేరుగా పెట్టాలి. ఇక చదవబోమని తేలినవాటిని మిత్రులకో, గ్రంథాలయానికో ఇవ్వాలి. మన ఇంట దుమ్ము పట్టిన నవల కోసం మరొకరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. పుస్తకం విలువ దాచుకోవడంలో లేదు, చదవడంలోనూ చదివించడంలోనూ ఉన్నది.

ప్రశ్నలు
1. చదవని పుస్తకాలు పేరుకుపోకుండా పాటించవలసిన పద్ధతులను వివరించండి.
2. నవలను సూచించేవారి బాధ్యత ఎటువంటిది?
3. మీరు చదివిన ఒక నవలను మిత్రునికి సూచిస్తూ లేఖ రాయండి.