బావిలో దూకినట్టే పూల్‌లోనూ దూకొచ్చా?

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మా ఫామ్‌హౌస్‌లో స్విమ్మింగ్ పూల్ కట్టించాం. లోతు ఒక చివర 3.5 అడుగులు, రెండో చివర 5.5. మా పదహారేళ్ల అబ్బాయి గట్టు మీంచి తలకిందులుగా దూకుతున్నాడు. వద్దంటే ‘తాతయ్య బావిలో దూకలేదా’ అంటాడు. ఏం చెప్పాలి?

జవాబు: ముందు ఆపించండమ్మా, ఇవాళే. తాతయ్య దూకిన బావిలో నీళ్లు మూడు నాలుగు నిలువుల లోతు ఉండి ఉంటాయి. మీ పూల్‌లో మీవాడు నిలబడితే తల బయటే ఉంటుంది. గట్టు మీంచి తల ముందుగా దూకాలంటే కనీసం 9 అడుగుల నీళ్లుండాలని అమెరికన్ రెడ్‌క్రాస్ చెబుతుంది. ఆ లోతు దూకిన చోటే ఉంటే చాలదు. మనిషి నీళ్లలో ముందుకు దూసుకెళ్తాడు, అక్కడ అడుగు ఏటవాలుగా పైకి లేచి ఎదురొస్తుంది.

తల నేలకు తగిలితే వెనకొచ్చే ఒంటి బరువంతా మెడ మీద పడుతుంది. ఎక్కువగా దెబ్బతినేది మెడలో ఐదో వెన్నుపూస చుట్టుపక్కలే. నెత్తిన బొప్పి మాత్రమే కనిపిస్తుంది, కాళ్లూ చేతులూ పడిపోతాయి.

అలా జరిగితే రెక్క పట్టి గట్టు మీదికి లాగకండి. తల, మెడ, ఒళ్లు ఒకే వరసలో ఉండేలా వెల్లకిలా తిప్పి, నీళ్లలోనే కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయించండి. ఊపిరి ఆడకపోతే మాత్రం వెంటనే బయటికి తీసి సీపీఆర్ మొదలుపెట్టాలి.

గట్టు మీద లోతు అంకెలు రాయించండి. అడుగుల్లోనే సుమా! ‘1.6 మీ.’ అని రాస్తే వచ్చిన చుట్టాలకు ఏం బోధపడుతుంది?